రెండు తెరల చాటున

ఉదయం పదిన్నరకి ఎవరో తలుపు తట్టారు. అమెరికాలో ముందుగా కబురు లేకుండా ఎవరూ ఎవరి తలుపూ తట్టరని అప్పటికే రెండు వారాల అనుభవం నేర్పింది కాబట్టి, ఏ పార్సిలో అనుకుని వెళ్లి తీశాను. కింది వాటా ఆయన. మర్యాదగా నవ్వుతూనే ఫోను ముందుకు చాపాడు. అందులో ఒక ఫొటో. తెల్లటి సీలింగు మీద అట్లపెనమంత గోధుమరంగు మరక, దాని నడిమధ్య జారడానికి సిద్ధంగా ఒక నీటిబొట్టు.

మా అమ్మాయి ఆఫీసు కాల్ మధ్యలో వదిలేసి వచ్చింది. ఆయనకి క్షమాపణ చెప్పి పంపించి, తిన్నగా స్నానాల గదిలోకి వెళ్లింది. కాలిపట్టా పిండితే చెంబుడు నీళ్లొచ్చాయి.

"నాన్నా, స్నానం చేసేటప్పుడు లోపలి తెర ఎక్కడుంది?"

"తెర తెర దగ్గరే ఉందమ్మా. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా లాగే చేశాను."

"లాగడం కాదు నాన్నా. టబ్బు లోపలుందా, బయటుందా?"

అప్పుడు చూశాను. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, మా అమ్మాయి అద్దెకున్న ఆ ఫ్లాటులో, స్నానాల తొట్టికి అడ్డంగా వేలాడుతున్నది ఒక తెర కాదు, రెండు. బయటిది పువ్వులున్న గుడ్డ. దాని వెనక పాలమీగడ రంగులో పల్చటి ప్లాస్టిక్ పొర. దాన్ని లైనర్ అంటారట. రెండు వారాలుగా నేను రెంటినీ కలిపి పట్టుకుని, గుడ్డ తడిసిపోకుండా జాగ్రత్తగా బయటికి వేసి స్నానం చేస్తున్నాను. నీళ్లు పొర మీదుగా జారి, తొట్టి అంచు దాటి, నేల మీద పడి, నేల నుంచి కింది వాళ్ల నెత్తి మీదికి ప్రయాణం కట్టాయి.

నేను కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి. అరవై నాలుగేళ్లు వచ్చాక నీళ్లు పోసుకోవడం మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది.

నీళ్లు ఎటు పోతాయి?

తప్పు తెరది కాదు. నేలని నేను నమ్మాను. మన స్నానాల గదిలో నేలే సగం పని చేస్తుంది. మేస్త్రీ స్లాబును కిందికి దించి, పైన నీళ్లు ఇంకని పూత పూసి, టైల్స్ వేసేటప్పుడు ఒక మూలకి వాలు ఇస్తాడు. ఆ మూలన జాలీ మూత. దాని కింద ప్లంబర్లు నహానీ ట్రాప్ అని పిలిచే గిన్నె. బకెట్టు తన్నేసినా, పిల్లలు చెంబుతో గోడలకి అభిషేకం చేసినా, నీళ్లు చివరికి ఆ మూలకే చేరతాయి. అందుకే మనకి తెర అక్కర్లేదు. తలుపేసుకుంటే గదంతా తొట్టే.

అక్కడ అలా కాదు. స్నానాల గది అంటే వాళ్ల లెక్కలో పొడిగది. మామూలు ఇళ్లలో నేలకి వాలు ఉండదు, జాలీ ఉండదు. పైకి టైలో, వినైలో కనిపిస్తుంది గానీ దాని కింద ప్లైవుడ్ పలక, పలక కింద చెక్క దూలాలు, దూలాల అడుగున కింది ఇంటి జిప్సం బోర్డు సీలింగు. పై అంతస్తులో ఒలికిన నీళ్లు మూడు పొరల్నీ నానబెట్టి గాని ఆగవు. చెక్క ఉబ్బుతుంది, బోర్డు మెత్తబడుతుంది, బూజు పడుతుంది. ఆ గది మొత్తంలో స్నానపు నీళ్లు బయటికి పోయే దారి ఒక్కటే, తొట్టి అడుగున ఉన్న కన్నం. కాబట్టి తొట్టి అంచే వాళ్ల గట్టు. గట్టు మీద గోడ లేదు. ఆ గోడ పని ఒక పల్చటి పొర చేస్తోంది.

లెక్కేసి చూశాను. అమెరికాలో 1992 నాటి చట్టం ప్రకారం, 1994 నుంచీ షవరు తలకి నిమిషానికి 2.5 గ్యాలన్లే హద్దు. మన కొలతలో తొమ్మిదిన్నర లీటర్లు. పది నిమిషాలు నిలబడితే 95 లీటర్లు, అంటే నాలాంటి బకెట్టు మనిషికి అయిదు స్నానాలు. అందులో పదో వంతు పక్కకి పోయిందనుకున్నా రోజుకి అర బకెట్టు. రెండు వారాలకి ఏడు బకెట్ల నీళ్లు నేను ఒక పెద్దమనిషి సీలింగులో పోశాను. ఆయన నవ్వుతూ వచ్చాడంటే ఆయన సంస్కారం.

ఇది నా ఒక్కడి కథ కాదని తర్వాత తెలిసింది. సాయంత్రం గుడి దగ్గర నడకకి వచ్చే పెద్దవాళ్లలో ఈ మాటెత్తితే ఒకాయన తల వంచుకున్నాడు, ఒకావిడ ఫక్కున నవ్వింది. కూతురి పురిటికి వచ్చిన తల్లులు, మనవల్ని చూసుకోవడానికి ఆరు నెలల వీసా మీద వచ్చిన తండ్రులు, అందరికీ ఒక తెర కథ ఉంది. ఇమిగ్రేషన్ కౌంటర్లో ఏం చెప్పాలో పిల్లలు పదిసార్లు చెప్పి పంపిస్తారు. ఈ సంగతి మాత్రం సీలింగు కారాకే చెబుతారు.

ఒకటి కళ్లకి, ఒకటి నీళ్లకి

మరి రెండు తెరలెందుకు, ఒకటి చాలదా? మా అల్లుణ్ణి అడిగితే, "బయటిది చుట్టాలకి మామయ్యగారూ, లోపలిది మనకి" అన్నాడు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను. బయటి గుడ్డ గది అందం కోసం. అది తడవకూడదు, తొట్టి బయటే వేలాడాలి. లోపలి పొర నీళ్లని కాచుకోవడానికి. అది తడుస్తుంది, సబ్బు జిడ్డు పడుతుంది, పాడవుతుంది, కొన్నాళ్లకి తీసి పారేస్తాం. చీర కింద లంగాలాగా, పరుపు మీద దుప్పటిలాగా, ఖరీదైనదాన్ని కాపాడటానికి చవకది ఒకటి. ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదంటే, రెండూ ఒకే కొక్కేలకి, ఒకే కడ్డీ మీద వేలాడుతున్నాయి. కవలల్ని విడదీయడమెందుకులే అనుకున్నాను.

ఆ లోపలి పొరకో పుట్టుపూర్వోత్తరం ఉంది. మైనం పట్టించిన గుడ్డ, రబ్బరు పూసిన గుడ్డ వాడిన రోజుల తర్వాత దీని దశ తిప్పినవాడు వాల్డో సీమన్ అనే రసాయనవేత్త. ఒహాయో రాష్ట్రం యాక్రన్‌లో గుడ్‌రిచ్ టైర్ల కంపెనీ ఉద్యోగి. 1926లో ఆయన వెతుకుతున్నది తెర కోసం కాదు. ఇనుముకి రబ్బరు అతికే జిగురు కోసం. అప్పటికి పీవీసీ అంటే ఎందుకూ కొరగాని గట్టి పొడి. దాన్ని ఎక్కువ వేడి మీద మరిగే ద్రావకంలో వేసి కాస్తే జిగురు రాలేదు గానీ, వంచితే వంగి, సాగదీస్తే సాగి, నీటిని దగ్గరికి రానివ్వని మెత్తటి పదార్థం వచ్చింది. దానితో వానకోట్లు, గొడుగులు, స్నానపు తెరలు పుట్టుకొచ్చాయి. సీమన్ 1898లో పుట్టి 1999 దాకా, నిండు నూరేళ్లు బతికాడు.

కొత్త తెర పొట్లం విప్పగానే ఒక ఘాటు వాసన కొడుతుంది. కొందరికి కొత్త కారు గుర్తొస్తుంది, నాకు చిన్నప్పటి వానకోటు గుర్తొచ్చింది. గట్టి పీవీసీని మెత్తబరచడానికి కలిపినవి గాలిలోకి లేచే వాసన అది. 2008లో అమెరికాలో ఒక పర్యావరణ సంస్థ, పీవీసీ తెర ఒకటి 28 రోజుల్లో 108 రకాల ఆవిరి రసాయనాలు వదిలిందని నివేదిక ఇస్తే, అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ఆ పరీక్ష తీరుని తప్పుపట్టింది. ఆ తగువు మనకొద్దు. క్లోరిన్ లేని పెవా అనే రకం దొరుకుతుంది. అది కూడా ప్లాస్టిక్కే గానీ వాసన తక్కువ. మిషన్లో ఉతుక్కోగల పాలియెస్టర్ లైనర్లూ ఉన్నాయి. ఏది కొన్నా రెండు రోజులు బాల్కనీలో ఆరేసి తర్వాత లోపలికి తెచ్చుకోండి. ముక్కు చెప్పిన మాట వినడానికి నివేదిక అక్కర్లేదు.

శనివారం, ఇద్దరు మనుషులు, ఒక కడ్డీ

తప్పు చేసినవాణ్ణి కాబట్టి పాత తెరలు తీసి కొత్తవి కట్టే పని నేనే పైన వేసుకున్నాను. ఇందులో పనేముంది, తాడుకి గుడ్డ వేలాడదీయడమే కదా అనుకున్నాను. శనివారం పొద్దున్న తొమ్మిదికి మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకి ముగిసింది. నడుమ కడ్డీ రెండుసార్లు నెత్తిన పడింది.

అక్కడి తొట్టెలు చాలావరకు ఒకే కొలత. అయిదు అడుగుల పొడుగు, రెండున్నర అడుగుల వెడల్పు. మూడు వైపులా గోడలు, ఒక్క పొడుగు వైపే ఖాళీ. ఆ ఖాళీకి అడ్డంగా, గోడ నుంచి గోడకి కడ్డీ. తెరలు అంతకంటే వెడల్పు, ఆరడుగులకి ఆరడుగులు. ఆ ఎక్కువ అడుగే మడతలుగా పడుతుంది. బిగుతుగా సరిపోయే తెర కొంటే కొసల్లో సందు పడుతుంది.

కడ్డీల్లో రెండు జాతులు. గోడకి మరలతో బిగించేది ఒకటి, లోపల స్ప్రింగుతో రెండు గోడల్నీ నెట్టుకుంటూ నిలబడేది మరొకటి. అద్దె ఇంట్లో రెండోదే గతి, టైలుకి కన్నం పెడితే అడ్వాన్సులో కోత పడుతుంది. ఈ స్ప్రింగు కడ్డీ కిటుకు ఏమిటంటే, దాన్ని గోడల మధ్య ఖాళీ కంటే ఒకటి రెండు అంగుళాలు పొడుగ్గా తిప్పి పెట్టుకుని, తర్వాత గట్టిగా నొక్కి ఇరికించాలి. నేను సరిగ్గా ఖాళీ అంతే కొలిచి పెట్టాను. బుద్ధిగా నిలబడింది, తెర తగిలించగానే నెత్తిన పడింది. రెండోసారి బిగువు బాగానే ఉంది గానీ, టైలు మీద పాత సబ్బు జిడ్డు తుడవలేదు. కొసలకున్న రబ్బరు టోపీలు జిడ్డు మీద నిలవవు. మూడోసారి గోడని వెనిగర్ గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, నేనో కొసా మా అల్లుడో కొసా పట్టుకుని నిలబడ్డాం. పెళ్లిలో తెరసెల్ల పట్టుకున్నట్టే ఉంది. జీలకర్ర బెల్లం ఒక్కటే తక్కువ. మట్టం చూసే గాజు గొట్టం లేక ఫోనులో చూసుకున్నాం. కడ్డీ ఒక పక్కకి వాలితే కొక్కేలన్నీ రోజూ ఆ పక్కకే జారుకుంటాయి.

ఎత్తు ఎంత? కడ్డీని ముందు పెట్టి తెర తర్వాత చూసుకుంటే ఇబ్బంది. తెరని బట్టి కడ్డీ. ఆరడుగుల తెర అంటే 72 అంగుళాలు. కొక్కెం ఒక అంగుళంన్నర కిందికి దింపుతుంది. బయటి గుడ్డ నేలని ఊడవకుండా రెండు వేళ్ల ఎత్తు వదలాలి. మొత్తం కూడితే నేల నుంచి 75 అంగుళాలు. కడ్డీ తొట్టి అంచుకి సరిగ్గా పైన రావాలి. మరీ బయటికి జరిగితే లోపలి పొర ఏటవాలుగా సాగి అంచుని రాసుకుంటుంది, మరీ లోపలికి జరిగితే స్నానం చేసే మనిషి భుజానికి తగులుతుంది.

లోపలి పొర అంచు దాటి లోపలికి కనీసం అర అడుగు దిగాలి. అలాగని తొట్టి అడుగున పరుచుకోకూడదు. కాలికింద పడి జారుతుంది, సబ్బు నీళ్లలో నానుతుంది. పొడుగైతే మామూలు కత్తెరతో కోసేయొచ్చు, ప్లాస్టిక్ పొరకి పోగులు ఊడవు.

కొక్కేలు పన్నెండు. తెరకి పైన వరసగా పన్నెండు కన్నాలుంటాయి, లైనర్‌కీ అన్నే. ఒకే కొక్కేనికి రెండు నాలుకలున్న రకం దొరుకుతుంది. ముందు నాలుకకి గుడ్డ, వెనక నాలుకకి పొర. లైనర్ ఉతకాల్సి వస్తే గుడ్డని కదిలించకుండా దాన్నొక్కటే తీయొచ్చు. పాత ఇంటి యజమాని వదిలి వెళ్లినవి గుండ్రటి రింగులు. అవైతే ఒకటి తీయాలంటే రెండూ ఊడాల్సిందే. నా మట్టుకు నేను ఈ మొత్తం వ్యవహారంలో డబ్బు కాస్త ఎక్కువ పెట్టదగ్గది కొక్కేల మీదే అంటాను. పువ్వుల గుడ్డ ఎలాంటిదైనా నాలుగు రోజులకి కళ్లకి అలవాటైపోతుంది. పట్టిపట్టి జారే కొక్కెం మాత్రం రోజూ పొద్దున్నే చిరాకు పెడుతుంది.

ఇంత చేసినా నీళ్లు బయటికొచ్చే దొంగదారి ఒకటుంది. తెర మధ్యలో కాదు, రెండు కొసల్లో, గోడకీ పొరకీ మధ్య. దానికి మా అమ్మాయి చూపించిన ఉపాయం భలే నచ్చింది. స్నానానికి ముందు అరచేత్తో గోడ టైలుని తడిపి, పొర కొసని దానికి అద్దేయాలి. తడి గోడకి ప్లాస్టిక్ అలా అంటుకుని కూర్చుంటుంది. పైసా ఖర్చు లేదు.

ఆ ఏడు దీపావళికి నేనూ మా ఆవిడా అక్కడే ఉన్నాం. తలంటు లేని పండగేమిటని అల్లుడి నెత్తిన నువ్వుల నూనె పెట్టి, సున్నిపిండి గిన్నె చేతికిచ్చి లోపలికి పంపింది మా ఆవిడ. తొట్టి నున్నటి గచ్చు మీద నూనె ఎంత ప్రమాదమో ఎవరికీ తట్టలేదు. అడుగున రబ్బరు పట్టా ఉండబట్టి నిలబడ్డాడు. సున్నిపిండి మాత్రం లైనర్ మడతల్లో చేరి, వారం దాకా పెసరపిండి రంగు చారలు కనిపిస్తూనే ఉన్నాయి.

పడుకున్న సుడిగాలి

షవరు తిప్పిన అర నిమిషానికి ఆ చల్లటి పొర తనంతట తాను లోపలికి వచ్చి కాళ్లకి చుట్టుకుంటుంది. మొదటిసారి ఉలిక్కిపడ్డాను, ఎవరో వెనక నిలబడ్డట్టు. ఎందుకలా వస్తుందన్నది పెద్ద పెద్దవాళ్లే తల బద్దలు కొట్టుకున్న ప్రశ్న. వేడినీళ్ల ఆవిరి పైకి లేస్తే ఆ ఖాళీలోకి కింద నుంచి చల్లగాలి దూరి తెరని నెడుతుందని ఒక వాదం. మరి చన్నీళ్ల స్నానంలోనూ తెర ఎందుకు కదులుతుంది? వేగంగా పారే చోట ఒత్తిడి తగ్గుతుందన్న బెర్నూలీ సూత్రమని ఇంకో వాదం.

మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చెప్పే డేవిడ్ ష్మిట్‌కి తుంపరల లెక్కలు కొట్టిన పిండి. ఆయన 2001లో ఒక స్నానపు తొట్టిని కంప్యూటర్లో 50,000 ముక్కలుగా విడగొట్టి, అర నిమిషం షవరుని లెక్క కట్టించాడు. ఇంట్లో కంప్యూటరు మీద, సాయంత్రాలూ సెలవు రోజులూ, రెండు వారాలు పట్టింది. తేలిందేమిటంటే, జారే చినుకులు పక్కనున్న గాలిని కూడా తిప్పుతాయి. తొట్టిలో ఒక సుడిగాలి పుడుతుంది. ఎండాకాలం మన పొలాల్లో నిలువుగా లేచే సుడిగాలిని అడ్డంగా పడుకోబెడితే ఎలా ఉంటుందో అలా. సుడి నడిబొడ్డున ఒత్తిడి తక్కువ. ఆ తక్కువే తెరని లోపలికి పీలుస్తుంది. దీనికి ఆయనకి ఆ ఏడాది ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి. ప్రశంసలో 'పాక్షిక పరిష్కారం' అని రాశారు. తెర ముందు భౌతికశాస్త్రం కూడా పూర్తి మార్కులు తెచ్చుకోలేకపోయిందన్నమాట.

బరువైన లైనర్ కొంటే ఈ బెడద తగ్గుతుంది. కొన్నిటికి అడుగు అంచున అయస్కాంతాలు కుట్టి ఉంటాయి. అవి ఎనామిల్ పూసిన ఇనప తొట్టికే అంటుకుంటాయి. ఇప్పటి తొట్టెలు చాలావరకు యాక్రిలిక్, ఫైబర్ గ్లాసు. వాటి ముందు అయస్కాంతం బరువుగా వేలాడటానికి తప్ప పనికిరాదు. అట్ట మీద అయస్కాంతం బొమ్మ చూసి ఎక్కువ డబ్బు పెట్టేముందు, తొట్టికి వంటింటి ఫ్రిజ్ బొమ్మ ఒకటి ఆనించి చూడండి.

గులాబీ రంగు

స్నానం కాగానే తెర మూలకి నెట్టేసి రావడం నీటుగా ఉంటుంది. అదే తప్పు. మడతల్లో తడి ఆరదు. మళ్లీ ఈ చివరి నుంచి ఆ చివరికి పరిచి, గాలి పంకా ఇరవై నిమిషాలు తిరగనివ్వాలి. లేకపోతే అడుగంచున మొదట గులాబీ రంగు, తర్వాత నలుపు. ఆ గులాబీని తుప్పనుకున్నాను. అది ప్రాణమున్న పొర. నార్మన్ పేస్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్తా, ఆయన సహచరులూ స్నానపు తెరల మీది ఈ జిగటని పరీక్షించి 2004లో ఒక పరిశోధన ప్రచురించారు. అందులో ఎక్కువగా కనబడినవి స్ఫింగోమోనాస్, మిథైలోబాక్టీరియం జాతులు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లని అవి ఏమీ చెయ్యవు గానీ, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి ఇబ్బంది కావచ్చు. ఇంట్లో కీమో మందులు వాడుతున్నవాళ్లో, బాగా పెద్దవాళ్లో ఉంటే తెరని తరచుగా మార్చడమే మేలు.

మామూలు ఇంటికి ఉతుకు చాలు. లైనర్‌ని రెండు తువ్వాళ్లతో కలిపి మిషన్లో వేస్తే తువ్వాళ్లే రుద్దుతాయి. గోరువెచ్చటి నీళ్లు, సగం సబ్బు, అరకప్పు వంటసోడా. ఆరబెట్టే యంత్రంలో వేశారో ముద్దైపోతుంది. తడిగానే తెచ్చి కొక్కేలకి తగిలించండి, అక్కడే ఆరుతుంది. కడగడానికి బ్లీచింగ్ వాడేవాళ్లు అందులో వెనిగర్ కలపకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపేసిన చిన్న గదిలో అది ఆటలు కాదు.

పట్టుకునేది కాదు

తెల్లటి పొర వెనక దీపం ఉంటే లోపలి మనిషి తోలుబొమ్మలాటలో బొమ్మలా కనిపిస్తాడు. ఈ సంగతిని సినిమా దర్శకుడు హిచ్‌కాక్ కంటే బాగా వాడుకున్నవాడు లేడు. 1960 నాటి 'సైకో'లో షవరు దృశ్యం మూడు నిమిషాలే. దానికి ఏడు రోజులు చిత్రీకరణ, 78 కెమెరా కోణాలు, 52 కోతలు. నెత్తుటికి చాక్లెట్ పాకం వాడారు, నలుపు తెలుపులో తేడా తెలీదు కనక. ఆ దృశ్యం చూసి ఎన్నాళ్లో స్నానం చెయ్యాలంటే భయపడ్డామని చెప్పినవాళ్లు ఎందరో. నన్ను మాత్రం, తెర కట్టడం నేర్చుకున్నాక మళ్లీ చూస్తే, చివరి భాగం పట్టుకుంది. నటి జానెట్ లీ కిందికి జారిపోతూ తెరని గుప్పిట పట్టుకుంటుంది. పై నుంచి కొక్కేలు ఒకటొకటే తెగి ఊడతాయి.

మా ఆవిడ కాలు జారబోయినప్పుడు సరిగ్గా ఇదే చేసింది. చెయ్యి ముందు తెర మీదికి, తర్వాత కడ్డీ మీదికి పోయింది. స్ప్రింగు కడ్డీ మనిషి బరువు మొయ్యదు. పట్టుకున్నవాళ్లతో పాటే దిగి వస్తుంది. అదృష్టం, తొట్టి అంచు మీద కూలబడింది, మోచేయి గీరుకుపోవడంతో సరి. కంటి ఎదుట, చేతికి అందేంత దూరంలో నిగనిగలాడే ఇనప కడ్డీ కనిపిస్తే పట్టుకోకుండా ఎవరుంటారు? పెద్దవాళ్లున్న ఇంట్లో తెర కట్టినరోజే గోడకి మరలతో బిగించిన పట్టుకమ్మీ కూడా ఉండాలి. అద్దె ఇల్లయినా సరే, యజమానిని అడిగి, కన్నం పెట్టించాల్సిందే. ఈ ఒక్క విషయంలో నేను అడ్వాన్సు గురించి ఆలోచించను.

మళ్లీ బెజవాడలో

విజయవాడ తిరిగొచ్చాక స్నానాల గది తెర సంగతి మర్చిపోయేవాణ్ణే. మా అమ్మ కోసం గుర్తొచ్చింది. ఆవిడకి ఎనభై ఆరు. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి, సాయానికి వచ్చే అమ్మాయి నీళ్లు పోస్తుంది. సత్యనారాయణపురంలో మాది పాత అపార్ట్‌మెంటు. ఏడడుగులకి అయిదడుగుల స్నానాల గదిలోనే కమోడు, చేతులు కడిగే తొట్టి, పక్కన బట్టల మిషను. ఒకరి స్నానం అయ్యాక గదంతా చెరువు. ఆ తడి మీద అమ్మ అడుగేస్తుంటే నా గుండె ఆగేది.

గ్లాసు అడ్డు పెట్టించమన్నారు తెలిసినవాళ్లు. కొత్త ఫ్లాట్లన్నిటిలో అదేగా ఇప్పుడు. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ నీళ్లు పోసే మనిషి ఒకసారి ఎడమ వైపు నుంచి, ఒకసారి వెనక నుంచి చెయ్యి పెట్టాలి. తలుపున్న గాజు పెట్టెలో ఇద్దరు పట్టరు. తెర అయితే ఎటు కావాలంటే అటు జరుగుతుంది. ఇర్వింగ్‌లో నా పరువు తీసిన వస్తువు ఇక్కడ అక్కరకొచ్చింది.

అయితే అక్కడి సూత్రం ఇక్కడ తిరగబడింది. తొట్టి లేదు, గట్టు లేదు. రెండంగుళాల గట్టు కట్టిస్తే నీళ్లు ఆగుతాయి గానీ అమ్మ కాలికి అదే తగులుతుంది. కాబట్టి నేల వాలునే నమ్ముకోవాలి. తెర కొనేముందు ఒక బకెట్టు నీళ్లు నేలన కుమ్మరించి, ఎటు పారతాయో నిలబడి చూశాను. జాలీ స్టూలు వైపే ఉంది, బతికిపోయాం. ఒకవేళ జాలీ కమోడు పక్కనుంటే ఎన్ని తెరలు కట్టినా నీళ్లు దాని కింద నుంచి అటే పోతాయి. అప్పుడు పిలవాల్సింది టైల్స్ మేస్త్రీని.

తెర నేలకి ఒక అంగుళం పైన ఆగేలా చూసుకున్నాను. లోపలి పొర పెవా. అమ్మకి ఏదైనా అయితే లోపలికి వెళ్లాలని తలుపు గడియ పెట్టనివ్వం కాబట్టి బయట మందపాటి గుడ్డ, నీడ కూడా కనబడకుండా. కృష్ణ పక్క గాలిలో ఉక్కపోత ఎక్కువ, టెక్సాసులో గంటలో ఆరిన తెర ఇక్కడ సాయంత్రానికి గాని ఆరదు. అందుకని లోపలి పొరలు రెండు కొని వారానికోటి మారుస్తున్నాం. పట్టుకమ్మీ మాత్రం డ్రిల్లు తెప్పించి, హ్యామర్ ఆపించి, టైలు పగలకుండా నాలుగు మరలతో బిగించాను. అమ్మకి రెండు మూడుసార్లు చెప్పాను, "ఇది పట్టుకోవాలి, అది పట్టుకోకూడదు."

ఆవిడ తెరని కిందికీ మీదికీ చూసి, "మా పెరట్లో తాటాకు తడిక ఉండేది, దానికి ఇన్ని హంగులు లేవురా" అంది. మర్నాడు నీళ్లు పోసుకున్నాక చెమ్మ లేని నేల మీద నడిచి బయటికొచ్చింది. కమోడు పొడి, బట్టల మిషను పొడి. లోలోపల చాలా సంతోషించాను.

మూడో రోజు నేను పేపరు చదువుకుంటుంటే లోపల నుంచి ఢామ్మని చప్పుడు. పరిగెత్తాను. అమ్మ మంచం మీదే ఉంది, జడ వేయించుకుంటోంది. స్నానాల గదిలో కడ్డీ నేల మీద, దాని మీద తెరలు రెండూ, వాటి మీద పిండీ పిండని ఆరు గజాల నేత చీర.

"దండెం పడిపోయిందండీ" అంది సాయం చేసే అమ్మాయి.

"అది దండెం కాదమ్మా."

"నేనే ఆరెయ్యమన్నానురా" అంది అమ్మ మంచం మీది నుంచి. "ఈ గోడకీ ఆ గోడకీ కట్టింది దండెం కాకపోతే మరేమిటి?"

సాయంత్రం బీసెంట్ రోడ్డుకి వెళ్లి రెండు మేకులూ, నాలుగు గజాల నైలాను తాడూ తెచ్చాను.